భర్మార్: నిషానా ఎందుకు తప్పేది?

ఉర్దూలో భర్మార్ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఏదైనా లెక్కకు మించి వచ్చి పడితే దాన్ని భర్మార్ అంటారు. షాదీల సీజన్‌లో దావత్‌ల భర్మార్, ఎలక్షన్లప్పుడు హామీల భర్మార్. రెండో అర్థం ఒక బందూక్. భర్‌నా అంటే నింపడం, మార్‌నా అంటే కొట్టడం. మూతి వైపు నుంచి మందూ గుండూ నింపి కొట్టే తుపాకీ కాబట్టి దానికా పేరు. మా డోర్నకల్ నుంచి మానుకోట, నర్సంపేట, అటు భూపాలపల్లి అడవుల దాకా తెలుగువాళ్లు కూడా దాన్ని ఈ ఉర్దూ పేరుతోనే పిలుస్తారు. కొందరి నోట్లో అది బర్మారు అవుతుంది. పోలీసులు నాటు తుపాకీ అంటారు. లైసెన్సు కాగితాల్లో దాని పేరు ఎం.ఎల్. గన్.

తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన చాలా పుస్తకాల్లో ఈ పేరు కనిపిస్తుంది. రైతులు భర్మార్లు పట్టుకుని నిలబడ్డారని ఒక వాక్యం వస్తుంది, తర్వాత కథ ముందుకు పోతుంది. చదివేవాళ్ల కళ్ల ముందు ఏదో ఒక తుపాకీ కదులుతుంది. బహుశా సినిమాలో చూసిన తుపాకీ. ఆ బందూక్ ఎంత దూరం కొడుతుంది, నింపడానికి ఎంతసేపు పడుతుంది, పదిసార్లు కొడితే ఎన్నిసార్లు గురి తప్పుతుంది అన్న హిసాబ్ అక్కడ ఉండదు. నా దృష్టిలో 1946 నుంచి 1948 దాకా మన ప్రాంతపు తారీఖ్ అర్థం కావాలంటే ముందు ఈ సవాల్ తేలాలి. భర్మార్ నిషానా ఎందుకు తప్పేది?

ముందు బందూక్‌ల ఖాందాన్ గురించి రెండు మాటలు. బందూక్ అరబీ మాట. బుందుఖ్ అంటే ఒక రకం గింజ, హేజిల్ గింజ. ఆ గింజలా గుండ్రంగా ఉండే గోలీకి ఆ పేరు వచ్చి, గోలీ నుంచి తుపాకీకి వచ్చింది. మన తుపాకీ అన్న మాట తుర్కీ నుంచి నడిచొచ్చింది. పాత దక్కన్ ఫౌజుల్లో మొదట వాడింది తోడేదార్. కాలుతున్న తాడు కొసతో మందు అంటించేది. తర్వాత చెకుముకి రాయితో నిప్పు పుట్టించే పత్తర్‌కలా వచ్చింది. ఆ తర్వాత టోపీదార్. చిన్న రాగి టోపీ మీద సుత్తి పడితే పేలేది. మన పల్లెల్లో మిగిలిన భర్మార్లు ఎక్కువగా ఈ చివరి రకం. నిప్పు పుట్టించే తరీఖా మారింది గానీ, నింపే పని మూడింటికీ ఒక్కటే.

ఆ పని ఇలా ఉండేది. నాలిలో బారూద్ పోయాలి. దాని మీద గుడ్డపేలికో కొబ్బరిపీచో డాట్‌గా పెట్టాలి. ఇనుప చువ్వతో దట్టించాలి. ఆ చువ్వను ఉర్దూలో గజ్ అంటారు. తర్వాత సీసపు గుండు గానీ ఛర్రా గానీ వేసి, అది జారి పడకుండా ఇంకో డాట్ పెట్టి మళ్లీ దట్టించాలి. చివర్లో టోపీ పెట్టాలి. కొట్టిన ప్రతిసారీ ఇదంతా మొదటి నుంచి చేయాలి. అంటే ప్రతి దెబ్బా చేత్తో తయారైన కొత్త సరుకే. రహస్యమంతా ఇక్కడే ఉంది.

గురి తప్పితే మన దగ్గర చెప్పుకునే వజహ్‌లు వేరు. బందూక్‌కు నజర్ తగిలింది అనేవాళ్లు. అడవిపందికి ఇంకా నూకలున్నాయి అనేవాళ్లు. పొద్దున ఎవరి మొహం చూశామో అని తలపట్టుకునేవాళ్లు. నిమ్మకాయ కట్టేవాళ్లు, ఊదు పొగ వేసేవాళ్లు. దీనికి మజహబ్‌తో నిమిత్తం లేదు. అందరి ఇళ్లలోనూ బందూక్‌కు దిష్టి తీసేవాళ్లు. నిన్న అదే చేత్తో, అదే తుపాకీతో, అదే మందుతో కొట్టి పడేసినవాడు ఇవాళ అంతే దూరంలో తప్పితే, కిస్మత్ అనక ఇంకేమంటాడు?

కానీ అదే మందు అనుకున్నది అదే మందు కాదు. బారూద్‌లో ఉండేవి షోరా, గంధకం, బొగ్గు. షోరా అంటే మన సురేకారం. అది సరిగ్గా శుద్ధి కాకపోతే అందులో మిగిలిన వేరే ఉప్పులు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వానాకాలం వచ్చేసరికి వేసవిలో బాగా పనిచేసిన మందు కూడా చల్లబడిపోతుంది. బొగ్గు ఏ కట్టెది, ఎంత కాలింది అన్నదాన్ని బట్టి మండే వేగం మారుతుంది. నూరడంలో తేడా వస్తే పలుకు సైజు మారి మళ్లీ వేగం మారుతుంది. ఒకే ఊళ్లో ఇద్దరు తయారు చేసిన మందు ఒక్కలా ఉండదు. ఒకే మనిషి రెండు నెలల తేడాతో చేసినా ఒక్కలా ఉండదు.

రెండో ఫర్క్ కొలతలో. మందును తూకం వేసి కాకుండా గిన్నెతోనో కొమ్ముతోనో అరచేతితోనో కొలిచేవారు. అలా కొలిస్తే ప్రతిసారీ కొంచెం అటూ ఇటూ అవుతుంది. మందు ఎక్కువైతే గుండు పైకి, తక్కువైతే కిందికి. యాభై గజాల దగ్గర ఆ తేడా పెద్దగా తెలియదు. నూరు గజాలు దాటితే బాగా తెలుస్తుంది.

మూడోది దట్టించడం. ఒకసారి గట్టిగా, ఇంకోసారి మెత్తగా దట్టిస్తే మందు మండే తీరు మారిపోతుంది. ఎదురుగా జంతువు ఉన్నప్పుడు, లేదా ఎదురుగా మనుషులు పరిగెత్తుకొస్తున్నప్పుడు, ఏ చెయ్యి ఒక్కలా దట్టిస్తుంది?

నాలుగోది మసి. నల్లమందు కాలితే సగానికి పైగా వాయువుగా మారకుండా గట్టి మసిగా మిగులుతుంది. మొదటి దెబ్బ శుభ్రమైన నాలిలోంచి పోతుంది. నాలుగో దెబ్బ సమయానికి నాలి లోపల పొర కట్టి ఉంటుంది. గుండు ఇరుక్కుంటుంది, గజ్ సగంలో ఆగిపోతుంది. మొదటి దెబ్బ తగిలి తర్వాతివి తప్పాయంటే ముందు చూడాల్సింది నాలి లోపల.

ఐదోది గుండుకూ నాలికీ మధ్య సందు. పోలీసులు పట్టుకున్న నాటు తుపాకులను రిపోర్టర్‌గా నేను చాలాసార్లు దగ్గర నుంచి చూశాను. బల్ల మీద పక్కపక్కన పెడితే రెండింటి నాలి ఒక్క సైజులో ఉండదు. గుండు మాత్రం దొరికిన సీసంతో, దొరికిన అచ్చులో పోస్తారు. సందు ఎక్కువుంటే గుండు నాలి గోడలకు కొట్టుకుంటూ బయటికి వస్తుంది. చివరగా ఏ గోడకు తగిలిందో దాన్ని బట్టి దాని దారి.

ఈ చివరి సంగతిని లెక్కగట్టి చూపించిన మనిషి మన తీరానికి దగ్గర్లోనే చనిపోయాడు. పేరు బెంజమిన్ రాబిన్స్. 1707లో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో పుట్టాడు. లెక్కల మనిషి. 1742లో తోపులూ తుపాకుల మీద ఒక కొత్త పుస్తకం రాశాడు. బరువైన లోలకం ఒకటి వేలాడదీసి, దాని మీద గుండు పేల్చి, అది ఎంత ఊగిందో కొలిచి గుండు వేగం కనిపెట్టాడు. సెకనుకు 1,600 అడుగుల పైచిలుకు అని తేలితే అప్పటి ఫౌజీ ఉస్తాద్‌లకు యకీన్ కుదరలేదు. ఇంకో తజుర్బా ఇంకా విచిత్రం. ఒక తుపాకీ నాలిని కావాలని ఎడమకు వంచాడు. దారిలో పల్చటి కాగితం తెరలు వరసగా నిలబెట్టి పేల్చాడు. గుండు మొదట ఎడమకు పోయి, తర్వాత వంపు తిరిగి కుడికి వచ్చింది. తెరల మీది రంధ్రాలే గవాహీ. గోడకు రాసుకుంటూ వచ్చిన గుండు గిరగిర తిరుగుతుందనీ, ఆ తిరుగుడు వల్ల గాలి దాన్ని పక్కకు నెడుతుందనీ అతను తేల్చాడు. మన స్పిన్ బౌలర్ వేసిన బంతి గాలిలో పక్కకు జరిగేది కూడా ఈ ఖానూన్ ప్రకారమే. గుండును తన ఇష్టం వచ్చినట్టు తిరగనివ్వకుండా, నాలిలో మరగాడులు కోసి ఒకే తీరున తిప్పితే నిషానా కుదురుతుంది. ఆ పని ముందు ఏ దేశం చేస్తే ఆ దేశానిదే పైచేయి అని కూడా రాశాడు.

ఈస్ట్ ఇండియా కంపెనీ తన కోటలను బాగు చేయడానికి ఇతన్నే ఇంజనీర్ జనరల్‌గా పంపించింది. 1751 జూలైలో కడలూరు దగ్గరి ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో ఇంతెఖాల్ అయ్యాడు. నజర్ అని మనం ఊదు పొగ వేస్తున్న కాలంలో నజర్‌కు జవాబు తెలిసిన మనిషి ఈ గడ్డ మీదే ఉన్నాడు. అయితే ఆ జవాబు కంపెనీ కోసం వచ్చింది. మన కమ్మరి కొలిమి దాకా రాలేదు.

హైదరాబాద్ రియాసత్‌కు ఆ ఇల్మ్ అసలు రాలేదని కాదు. నిజాం అలీ ఖాన్ దగ్గర కొలువు చేసిన ఫ్రెంచి సర్దార్ రేమండ్ హైదరాబాద్‌లో తోపుల కార్ఖానా పెట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. ఇవాళ్టి గన్‌ఫౌండ్రీ బస్తీ ఆ పేరు మీదే బతుకుతోంది. సాంచా అంటే అచ్చు. అచ్చు ఉంటే వందో గుండు కూడా మొదటి గుండులా వస్తుంది. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంగ్లిషువాళ్లు అతని ఫౌజును చుట్టుముట్టి హథియార్లు దింపించారు. ఆ తర్వాత రియాసత్‌లో ఎవరి చేతికి ఏ బందూక్ వెళ్లాలన్న విషయం రెసిడెన్సీ కనుసన్నల్లో నడిచింది.

యూరప్‌లో ఆ తర్వాతి వందేళ్లూ నడిచిన కథ ఒక్క మాటలో చెప్పాలంటే యక్సానియత్ కథ. ప్రతి దెబ్బా ముందటి దెబ్బలా ఉండాలి. కాగితపు కార్తూస్ అంతకు ముందు నుంచే ఉంది. తూచిన మందు, అచ్చులో పోసిన గుండు ఒకే పొట్లంలో. 1857లో మన సిపాయిల కోపానికి సాకైన ఎన్‌ఫీల్డ్ కార్తూస్ ఇలాంటిదే. దాని కొవ్వు గురించి అందరికీ తెలుసు. దాని అస్లీ కమాల్ మాత్రం ప్రతి పొట్లంలోనూ మందు ఒకే తూకం ఉండడం. తర్వాత ఇత్తడి గొట్టం తూటా వచ్చింది. 1884లో ఫ్రాన్సులో పొగలేని మందు తయారైంది. ఇంగ్లండ్ కార్డైట్ పేరుతో తన సొంత పొగలేని మందు చేసుకుంది. త్రీ నాట్ త్రీ రైఫిల్ వచ్చేసరికి నింపేవాడి చెయ్యి పూర్తిగా తప్పుకుంది. తూకం, దట్టింపు, సైజు అన్నీ కార్ఖానా చేతికి పోయాయి. సిపాయికి మిగిలింది గురి చూడడం ఒక్కటే.

కార్ఖానా తూటాకు కూడా మన ఎండ ఒక పాఠం చెప్పింది. డోర్నకల్ నుంచి కాజీపేట వైపు ప్యాసింజర్ ఎక్కితే మానుకోట, కేసముద్రం దాటాక నెక్కొండ వస్తుంది. 1902లో వైస్రాయ్ కర్జన్ ఈ నెక్కొండ అడవిలో షికార్ క్యాంపు వేశాడు. పులి ముందు కర్జన్ దంపతులు నిలబడ్డ తస్వీర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియోది. ఆ కాలపు నవాబులు, దొరలు వాడిన జోడునాలి రైఫిల్‌లో ఒక చిక్కుండేది. రెండు నాలీల గుండ్లూ ఒక దూరంలో ఒకే చోట పడేలా లండన్, బర్మింగ్‌హామ్ ఉస్తాద్‌లు ఒక నిర్ణీత మందు తూకానికి సరిచూసి అతికించేవారు. ఇంగ్లండ్ చలిలో సరిచూసిన ఆ రైఫిల్‌తో మన వేసవిలో కొడితే నిషానా చెదిరేది. వేడికి కార్డైట్ బలం పెరగడం దీనికి వజహ్. అందుకని గరం ముల్కుల కోసం మందు తగ్గించి వేరే తూటాలు చేశారు. ఆ రైఫిళ్లను ఆ తూటాకు తగ్గట్టే సరిచూశారు. దొర నిషానా తప్పితే సరిచేయడానికి వేల మైళ్ల అవతల ఒక కార్ఖానా కూర్చుని ఉంది. మా జిల్లాకు పేరిచ్చిన మహబూబ్ అలీ పాషా కూడా గొప్ప నిషానేబాజ్ అని పేరు పొందాడు. గాలిలోకి ఎగరేసిన నాణేన్ని కొట్టేవాడని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన చేతిలో ఉన్నది భర్మార్ కాదన్న సంగతి కూడా ఆ కథతో పాటు చెప్పుకోవాలి.

యక్సానియత్ విలువ అడవి మనుషులకూ తెలుసు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడ్డాడు. చేతికి వచ్చిన తుపాకులు 26, తూటాలు 2,500కు పైగా. ఆ తూటాలను మన్యంలో ఏ కొలిమీ తయారు చేయలేదు. అవి అయిపోతే ఆ తుపాకులు కట్టెలతో సమానం. అందుకే ఆ దాడుల్లో బందూక్‌ల లెక్కతో పాటు కార్తూస్‌ల లెక్క కూడా అంత జాగ్రత్తగా తారీఖ్‌లో మిగిలింది.

ఇప్పుడు మన ఇలాకాకు వద్దాం. 1946 జూలై 4న కడవెండిలో జనం కర్రలు, వడిసెలలు పట్టుకుని జులూస్‌గా వెళ్తుంటే విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడే పడిపోయాడు. ఊరి వీధి దూరంలో, గుంపు మీద పేల్చేవాడికి గురి అక్కర్లేదు. అంత దగ్గర ఏ బందూకైనా పనిచేస్తుంది. ఆ తర్వాత సంఘం దళాలు కూడబెట్టుకున్న హథియార్లలో భర్మార్లు ఎన్నో. దళంలోని మనిషికి దాని గుణం బాగా తెలుసు. దూరం నుంచి కొట్టకూడదు. దగ్గరకు రానివ్వాలి. ఒక దెబ్బ కొట్టాక మళ్లీ నింపేలోపు శత్రువు మీద పడతాడు, కాబట్టి పక్కన ఇంకొకడు నింపి సిద్ధంగా ఉండాలి. బాగా తర్ఫీదైన సిపాయి కాగితపు కార్తూస్‌తో నిమిషానికి మూడు దెబ్బలు కొట్టగలిగేవాడు. విడి మందు, విడి గుండుతో నింపే రైతుకు అది ఎక్కడ కుదురుతుంది?

జనగామకు దగ్గరి బైరాన్‌పల్లిని ఈ కళ్లతో చూడండి. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊరివాళ్లు పాత బురుజును బాగు చేసుకున్నారు. పైన మందు, భర్మార్లు, వడిసెల రాళ్లు పెట్టుకున్నారు. రజాకార్లు వచ్చినప్పుడల్లా తిప్పికొట్టారు. ఎత్తు మీద కూర్చుని, కింద దగ్గరకు వచ్చినవాళ్ల మీద పేల్చితే భర్మార్ లోపాలు చాలావరకు కప్పుకుపోతాయి. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లతో పాటు నిజాం ఫౌజు కూడా వచ్చింది. ఈసారి దూరం నుంచి తోపులతో బురుజును కొట్టారు. భర్మార్ అందని దూరం నుంచి వచ్చే గుండుకు బురుజు మీది మనిషి దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క రోజు సుమారు వంద మందిని చంపేశారు. వాళ్ల బహాదురీలో కొరత లేదు. కొరత గజాల్లో ఉంది.

ఇక రెండో వైపు. మా బస్తీలో రజాకార్ అన్న మాటను పెద్దవాళ్లు ఇంట్లో గట్టిగా పలికేవారు కాదు. వాళ్లు చేసిన జుల్మ్‌కు సఫాయీ చెప్పడం నా పని కాదు. అయితే వాళ్ల చేతిలో ఉన్నదేమిటో కూడా చూడాలి. అప్పటి అంచనా ప్రకారం రజాకార్లు రెండు లక్షలు. వాళ్లలో నాలుగో వంతు మందికే కొత్త రకం తుపాకులు. మిగతావాళ్లకు దొరికినవి ఎక్కువగా భర్మార్లూ కత్తులూ. ఖాసిం రజ్వీ తఖ్రీర్‌లలో ఢిల్లీ ఎర్రకోట మీద ఆసఫియా జెండా ఎగిరేది. ఆ తఖ్రీర్ విని వచ్చిన కుర్రాడి భుజం మీద మాత్రం రాబిన్స్ 1742లోనే గుట్టు విప్పిన రకం బందూక్ ఉండేది. 1948 సెప్టెంబర్ 13న భారత ఫౌజు టాంకులతో దాటి వచ్చింది. 17 సాయంత్రానికి అంతా ఖతం. చనిపోయిన రజాకార్లు 1,373 మంది అని ఫౌజు లెక్క. రజ్వీ బతికాడు. జైలు శిక్ష అయ్యాక పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

నిషానా తప్పడం అన్న మాట నాకు ఇక్కడ గుర్తొస్తుంది. చేత్తో నింపిన బందూక్ గురి తప్పితే దానికి వజహ్‌లు ఉన్నాయి. తడిసిన మందు, చాలని తూకం, పేరుకున్న మసి, వదులైన గుండు. ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే దొరుకుతాయి. కానీ ఆ వజహ్‌లన్నీ తెలిసిన హుకూమత్, తన తోప్‌ఖానా ఫౌజు దగ్గర పెట్టుకుని, పల్లె కుర్రాళ్ల చేతికి భర్మార్ ఇచ్చి టాంకులకు ఎదురు పంపితే దాన్ని గురి తప్పడం అనలేం. అది తెలిసి చేసిన హిసాబ్. ఆ హిసాబ్‌లో బైరాన్‌పల్లి బురుజు మీది రైతు పోయాడు, తర్వాత మూడు వారాలకు కంకర రోడ్డు పక్కన ఆ రజాకార్ కుర్రాడూ పోయాడు. ఒకడు తన ఊరిని కాపాడుకుంటూ పోయాడు, ఇంకొకడు ఇంకొకరి తఖ్రీర్ కోసం పోయాడు. రెండింటినీ ఒక్కటి చేయకూడదు. రెండు శవాల పక్కనా ఉన్న బందూక్ మాత్రం ఒక్కటే.

భర్మార్ ఇంకా పూర్తిగా పోలేదు. అడవిపందుల నుంచి పంటను కాపాడుకోవడానికి లైసెన్సు ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని అడవి అంచు ఊళ్లలో అప్పుడప్పుడూ బయటపడుతూనే ఉంటాయి. నాలి చీలి చేతులు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు కూడా వస్తుంటాయి. చేత్తో నింపిన దెబ్బ ఇప్పటికీ అలాంటిదే. ఎప్పుడు ఎటు పోతుందో నింపినవాడికే తెలియదు.

దోస్తులారా, మన ప్రాంతపు పోరాటాల కితాబ్ ఏదైనా చదివేటప్పుడు తుపాకీ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది ఏ తుపాకీ, ఎన్ని గజాలు కొడుతుంది, దాని మందు ఎవరు తయారు చేశారు, అది ఇచ్చి పంపింది ఎవరు అని అడగండి. పేజీలో రాసిన దానికంటే ఎక్కువ తారీఖ్ ఆ జవాబుల్లో దొరుకుతుంది.